మలికా మార్చని పేరు

మిల్లులో అట్ట తయారయ్యేది ఒక చోట, దాన్ని చూసేది ఇంకొక చోట. చూసే చోటును ఫినిషింగ్ హాలు అంటారు. పొడవాటి బల్లలు, నీడ పడని తెల్లటి వెలుతురు. యంత్రం అనుమానించి పక్కన పెట్టిన షీట్లు అక్కడికి వస్తాయి. ఆడవాళ్లు నిలబడి వాటిని ఒక్కొక్కటిగా తిప్పి చూస్తారు. మచ్చ, ముడత, చిల్లు, నలిగిన అంచు. బాగున్నది కుడివైపు. బాగులేనిది ఎడమవైపు. ఎడమవైపు వెళ్లింది మళ్లీ నీళ్లలో నాని గుజ్జవుతుంది.

సారపాకలో ఆ బల్ల ముందు మలికా పదహారేళ్లుగా నిలబడుతోంది. భర్త అదే మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. జబ్బు చేసి పోయాడు. ఆయన స్థానంలో ఆమెను తీసుకున్నారు. అప్పటికి ఆమెకు ముప్ఫై రెండేళ్లు. పిల్లలు లేరు.

ఆమె చూపు సంగతి హాల్లో అందరికీ తెలుసు. షీటు ఇంకా గాలిలో ఉండగానే, బల్ల మీద వాలకముందే మచ్చను పట్టేస్తుంది. చూసి కట్టిన ప్రతి కట్టలోనూ చూసినవాళ్ల నంబరు చీటీ ఒకటి పెడతారు. ఆమె నంబరు నూట పద్నాలుగు. ఒకసారి శివకాశి నుంచి ఒక కట్ట తిరిగి వచ్చింది. లోపల రెండు షీట్లకు ముడత. చీటీ మీద నూట పద్నాలుగు. సూపర్‌వైజరు ఆమె పనితనం ఎరిగినవాడు. చీటీలు తారుమారై ఉంటాయిలే అన్నాడు. మలికా షీటును వెలుతురుకు పట్టి చూసింది.

"తారుమారు కాలే సార్. నేనే చూడలే. ఆ రోజు జ్వరం ఉండె" అంది.

తర్వాత, జ్వరం మాట ఎందుకు చెప్పానా అని రెండు రోజులు బాధపడింది.

ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడు పక్క పోర్షనులోకి ఖాలిద్ అనే లారీ డ్రైవరు అద్దెకు దిగాడు. చర్ల వైపు అడవి నుంచి మిల్లుకు వెదురు తోలేవాడు. భార్య అప్పటికే విషజ్వరంతో పోయింది. రెండున్నరేళ్ల కూతురు, పేరు సుమయ్య. లోడుకు వెళ్లేటప్పుడు బిడ్డను మలికా దగ్గర వదిలి వెళ్లేవాడు. రెండు రోజులకు, మూడు రోజులకు తిరిగి వచ్చేవాడు. ఒక ఆగస్టు వానలో చర్ల రోడ్డు మీద కల్వర్టు దగ్గర లారీ బోల్తా పడింది. ఆ పూట కూడా సుమయ్య మలికా దగ్గరే ఉంది. తర్వాత కూడా అక్కడే ఉండిపోయింది.

మసీదు పెద్దలు ఖాలిద్ తరఫు వాళ్ల కోసం విచారించారు. అతను ఇంట్లో గొడవపడి వచ్చినవాడని, ఊరు అశ్వారావుపేట చుట్టుపక్కల ఎక్కడో అని మాత్రం తెలిసింది. కబురు పంపారు. ఎవరికి అందిందో తెలియదు. ఎవరూ రాలేదు.

బిడ్డను బడిలో వేసేటప్పుడు హెడ్‌మాస్టరు వెంకటప్పయ్య రిజిస్టరు తెరిచి తండ్రి పేరు అడిగాడు. మలికా ఖాలిద్ అని చెప్పింది.

"ఉన్నడా?"

"లేడు సార్."

"మరి పెంచేది నువ్వే గదమ్మా. మీ ఇంటాయన పేరు రాపించు. రేపు ఏ కాగితం కాడా ఇబ్బంది పడవు."

"ఆయన దీనికి తండ్రి కాదు సార్."

వెంకటప్పయ్య కళ్లజోడు పైనుంచి ఆమెను చూశాడు. ఖాలిద్ అని రాశాడు.

మలికా తండ్రి ఖమ్మంలో పరుపులు కుట్టేవాడు. పెంచుకున్న బిడ్డను కన్నతండ్రి పేరుతోనే పిలవాలని, అదే న్యాయమని ఆమె చిన్నప్పుడే ఆయన నోట విన్నది. అనాథను సాకితే పుణ్యం, పేరు తీసేస్తే ఆ బిడ్డను రెండోసారి అనాథను చేసినట్టు అనేవాడు. అందుకే సుమయ్యకు అమ్మీ అనే పిలుపు నేర్పలేదు. ఖాలా అని నేర్పింది. పిన్ని అన్నమాట. ఆధార్ కార్డులో, టెన్త్ సర్టిఫికెట్‌లో, ఇంటర్ మెమోలో, అన్నిటిలో తండ్రి ఖాలిద్. ఒక్క అక్షరం తేడా లేకుండా ఒకే రకంగా ఉన్నాయా అని కొత్త కాగితం వచ్చినప్పుడల్లా మలికా వెలుతురులో పెట్టి చూసేది.

సుమయ్య చురుకైన పిల్ల. మాట పదును. చిన్నప్పటి నుంచి మిల్లు గుజ్జు వాసన పీలుస్తూ పెరిగింది. ఆ వాసన ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుంటానని పదో తరగతిలోనే అనేది. ఇంటర్ తర్వాత రాసిన పరీక్షలో ర్యాంకు వచ్చింది. ఖమ్మం దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో కెమికల్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఫినిషింగ్ హాలు ఆడవాళ్ల పిల్లల్లో ఇంజనీరింగ్ సీటు తెచ్చుకున్న మొదటి ఆడపిల్ల ఆమే. ఆ రోజు మలికా హాల్లో అందరికీ ఖర్జూరాలు పంచింది. ఎవరూ అడగకపోయినా ర్యాంకు చెప్పింది.

మిల్లులో ఒక పథకం ఉంది. పర్మనెంటు ఉద్యోగి మీద ఆధారపడిన పిల్లలు డిగ్రీ చదివితే, ఇంజనీరింగ్ చదివితే, కాలేజీ ఫీజు మొత్తం కంపెనీయే కడుతుంది. నాలుగేళ్లూ. మలికా పక్క బల్ల మీద పనిచేసే జోజమ్మ కొడుకులు ఇద్దరూ అట్లాగే చదివారు. జోజమ్మే దరఖాస్తు తెచ్చి ఇచ్చింది.

పర్సనెల్ ఆఫీసులో దరఖాస్తులు చూసేది మురళీకృష్ణ. ముప్ఫై దాటని మనిషి. ఎవరు వచ్చినా కుర్చీ చూపించి కూర్చున్నాకే మాట్లాడతాడు. మలికా దరఖాస్తును చదివి మధ్యలో వేలు పెట్టాడు.

"మలికా గారూ, సంబంధం అన్నచోట ఏం రాశారు?"

"పెంచిన బిడ్డ అని రాసిన సార్."

"ఇక్కడ రెండే రాయాలమ్మా. కొడుకు, లేకపోతే కూతురు."

"కూతురే సార్. నా కూతురు కాదు."

అతను పెన్ను కింద పెట్టాడు. "మరి ఎవరి కూతురు?"

"ఖాలిద్ కూతురు. పై గడిలో రాసిన కదా."

మురళీకృష్ణ నవ్వబోయి ఆగాడు. రూల్సు పుస్తకం తీసి ఆమె వైపు తిప్పాడు. కన్న పిల్లలు. చట్ట ప్రకారం దత్తత తీసుకున్న పిల్లలు. కోర్టు ఉత్తర్వుతో సంరక్షణలో ఉన్న పిల్లలు. ఏదైనా సరే, బిడ్డకు పద్దెనిమిది నిండకముందే జరిగి ఉండాలి.

"పుట్టిన తేదీ అక్టోబరు తొమ్మిది. ఈ అక్టోబరుకు పద్దెనిమిది. అంటే రెండున్నర నెలలే ఉంది" అన్నాడు. "దత్తతకు పోతే కాగితాలన్నీ మీ పేరుకు, మీ ఆయన పేరుకు మారతాయి. అప్పుడు ఈ గడిలో కూతురు అని రాసుకోవచ్చు."

"ఖాలిద్ పేరు?"

"అది ఉండదు."

మలికా దరఖాస్తు వెనక్కి తీసుకుంది. మడత పడకుండా చుట్టి పట్టుకుంది.

అంతకు ముందు నెలే ప్రభుత్వం ఇచ్చే ఫీజు కోసం మండలాఫీసుకు పోయి వచ్చారు. అక్కడ ఆదాయం కాగితంలో మలికా జీతాన్ని సుమయ్య ఇంటి ఆదాయం కింద రాశారు. అది హద్దు దాటింది, రాదన్నారు. మండలాఫీసులో సుమయ్య మలికా ఇంటి మనిషి. మిల్లులో కాదు. కాలేజీ అక్టోబరు పదిహేను దాకా గడువిచ్చింది. ఆ లోపు ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరిది.

మధ్యాహ్నం క్యాంటీన్లో జోజమ్మ అంతా విన్నది. గిన్నెలోంచి చేప ముక్క తీసి మలికా పళ్లెంలో వేసింది.

"ఏందే మలికా, చచ్చినోడి పేరు కోసం బతికున్న పిల్ల సీటు పోగొడతవా?"

"పోగొట్ట. వేరే తొవ్వ ఉందన్నడు ఆ సారు. కోర్టు."

"కోర్టంట! నా కొడుకులు పుట్టకముందు మా బావ ఒక కేసేసిండు. నా కొడుకులకు మీసాలొచ్చినయి, కేసు ఇంక పాకుతనే ఉంది." జోజమ్మ వేళ్లు నాకి మళ్లీ అందుకుంది. "మా సంఘంల చూడు. బాప్తిస్మానికి గోదాట్ల ఒక్క మునక. మా నాయన ఎంకన్నగ దిగిండు, క్రీస్తుదాసుగ ఎక్కిండు. పేరు మారింది, మనిషికేమయింది? పీత గూడ కొరకలే."

"మీ నాయన పేరు మీ నాయన మార్చుకున్నడు. ఖాలిద్‌ను అడుగుదామంటే లేడు గద."

"నీతోని ఎవరు గెలుస్తరే తల్లీ. తిను ముందు, ముల్లు చూసుకోని తిను. షీటు చూసినట్టు చూడకు, చల్లారిపోతది."

సాయంత్రం ఇంట్లో సుమయ్యకు చెప్పింది. సుమయ్య బట్టలు మడతపెడుతోంది. హాస్టలుకు తీసుకుపోయేవి ఒక వైపు, ఇక్కడ ఉండేవి ఒక వైపు. చివరి దాకా విని, చేతిలో ఉన్న దుపట్టా పక్కన పడేసింది.

"మార్చెయ్ ఖాలా. దీనికి ఇంత ఆలోచన దేనికి?"

"మీ అబ్బా పేరు బిడ్డా."

"ఆయన ముఖం నాకు గుర్తు లేదు. ఫీజు కట్టే తారీఖు గుర్తుంది."

మలికా ఆ దుపట్టా తీసి మడతపెట్టసాగింది. సుమయ్య మాట ఆపలేదు.

"బడిల నన్ను ఏమని అడిగేటోళ్లో తెల్సా నీకు? ప్రతి ఏడూ పేరెంట్స్ మీటింగ్‌ల అడిగిన్రు. మీ అమ్మనా? కాదు. మీ అత్తనా? కాదు. మరి ఎవరు? ఖాలా. అంటే ఏమైతది? ఏమీ కాదు. గట్ల నువ్వు నాకు ఏమీ కావని ఊరంతా నేను చెప్పుకుంట తిరిగిన. ఒక్క పేరు మారిస్తే నువ్వు నా అమ్మవైతవ్. నీకు గది ఇష్టం లేదా?"

ఆ మాటకు మలికా దగ్గర జవాబు ఉంది. బయటికి తీస్తే ఏడుపు కూడా దానితో వస్తుందని తెలుసు. లేచి ఇంకా నింపని దరఖాస్తు ఒకటి తెచ్చి బిడ్డ ముందు పరిచింది. పెన్ను ఇచ్చింది.

"నాకు ఇష్టమా కాదా అని కాదు. తండ్రి పేరు గడిల నువ్వే రాయి. ఎవరి పేరు రాస్తవో రాయి. నేను సంతకం పెడత. నీ చేత్తోనే రాయాలె."

సుమయ్య పెన్ను మూత తీసింది. కాగితం మీదికి వంగింది. పెన్ను మొన గడి దాకా వచ్చి ఆగింది. మూత పెట్టేసింది.

"నువ్వు ఎప్పుడూ గిట్లనే చేస్తవ్" అని విసురుగా లేచి బయట వాకిట్లో కూర్చుంది. ఆ పూట ఇద్దరూ వేరువేరుగా తిన్నారు.

మరుసటి రోజు మలికా ఒక పూట సెలవు పెట్టి వంతెన దాటి భద్రాచలం పోయింది. పేదలకు ఉచితంగా వాదించే లాయరు ఒకామె ఉందని మురళీకృష్ణ చెప్పాడు. పేరు హెప్సిబా. చిన్న గది, గోడకు ఆనించిన ఫైళ్లు. హెప్సిబా ఒక తెల్ల కాగితం మీద గీత గీసి చెప్పింది.

"దత్తత వేరు, సంరక్షణ వేరు ఆంటీ. సంరక్షకురాలుగా కోర్టు మిమ్మల్ని పెడితే పిల్ల పేరు మారదు, తండ్రి పేరు మారదు. ఇన్నేండ్లు మీరు చేసిన పనికే కోర్టు ముద్ర వేస్తది. అంతే."

"గంతేనా?"

"ఒకటున్నది. తండ్రి తరఫు వాళ్లకు నోటీసు పోవాలె. ఎక్కడున్నరో తెల్వదు గనక పేపర్ల వేస్తం. ఫలానా ఖాలిద్ కూతురు సుమయ్యకు ఫలానా మలికా సంరక్షకురాలిగ ఉంటానంటున్నది, ఎవరికన్న అభ్యంతరం ఉంటే రావచ్చు అని."

మలికా చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"వస్తే?"

"వస్తే కోర్టు వింటది."

"బిడ్డ మాది, మేం తీస్కపోతం అంటే?"

"పిల్లకు పదిహేడు దాటినయి. ఆమె మాటే పెద్దది. కానీ వాళ్లు అడ్డం చెప్తే వాయిదాలు పడతయి. అక్టోబరు తొమ్మిది దాటితే ఇంక కేసే ఉండదు. పిల్లకు పద్దెనిమిది నిండినంక సంరక్షణ అనేదే లేదు."

మలికా ఒక రోజు గడువు అడిగింది. తిరుగు ప్రయాణంలో ఆటో ఎక్కకుండా వంతెన మీద నడిచింది. కింద గోదావరి ఎర్రగా, నిండుగా పోతోంది. పదిహేనేళ్లుగా ఆ పేరును కాగితాల్లో దాచినట్టే కాపాడింది. ఇప్పుడు అదే పేరును పేపర్లో అచ్చువేసి, ఈ బిడ్డ ఎవరిదో వాళ్లు రండి అని జిల్లా అంతా పిలవాలి. వాళ్లు వచ్చే రోజు ఒకటి ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదని కాదు. ఆ రోజు వస్తే బిడ్డ తండ్రి పేరుతోనే దొరకాలనే ఉంచింది. అయినా వంతెన సగంలో ఆగి రెయిలింగు పట్టుకుంది.

మరునాడు షిఫ్టు దిగి మళ్లీ పోయింది. "వెయ్యండి మేడం" అంది. అచ్చు కాబోయే ప్రకటనను అడిగి తీసుకుని చదివింది. ఖాలిద్ పేరు దగ్గర ఒక దీర్ఘం పోయింది. సరిచేయించింది.

ప్రకటన ఆగస్టు రెండో వారంలో పడింది. సుమయ్యకు ఖమ్మంలో క్లాసులు మొదలయ్యాయి. శనివారం సాయంత్రం బస్సులో వచ్చేది, సోమవారం తెల్లారి పోయేది. ఇద్దరి మధ్యా మాటలు ఉన్నాయి, ఆ విషయం తప్ప. మొదటి వాయిదాకు జడ్జి సెలవులో ఉన్నారు. రెండో వాయిదా సెప్టెంబరు ఇరవై నాలుగున పడింది. దాని తర్వాత దసరా సెలవులు. సెలవులు అయ్యాక మిగిలేది రెండు మూడు రోజులు. ఆ రోజే తేలాలి. తేలకపోతే లేదు.

ఆ ఉదయం ముగ్గురూ కొత్తగూడెం కోర్టుకు పోయారు. జోజమ్మ షిఫ్టు మార్చుకుని వచ్చింది. సాక్ష్యం చెప్పమంటే చెప్తానని కొత్త చీర కట్టుకుంది.

"ఏసుప్రభువా, ఈ జడ్జికి ఇయ్యాల కడుపునొప్పి రాకుంట చూడు" అని మెట్ల మీద పైకే ప్రార్థించింది. సుమయ్య నవ్వింది. రెండు నెలల తర్వాత ఖాలా పక్కన నిలబడి నవ్వడం అదే మొదటిసారి.

వరండాలో జనం. పదకొండున్నరకు బంట్రోతు తలుపు దగ్గర నిలబడి గట్టిగా పిలిచాడు.

"సుమయ్యా! తండ్రి ఖాలిద్!"

వరండాకు ఈ చివర సుమయ్య లేచింది. ఆ చివర ఒక పెద్దాయన లేచాడు. అరవై ఉంటాయి. తెల్ల లాల్చీ, నెరిసిన గడ్డం. చూపుడు వేలికి సూది గుచ్చుకుని గుచ్చుకుని మొద్దుబారిన తోలు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన పేపరు ముక్క.

మలికా సుమయ్య మణికట్టు పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో ఆమెకు తెలియదు.

లోపల జడ్జి పెద్దాయనను ముందుకు పిలిచారు. "మీరెవరు?"

"షుకూర్ అంటరు సార్. అశ్వారావుపేటల టార్పాలిన్లు కుడత. ఖాలిద్‌కు అన్నను."

"ఇన్నేళ్లూ ఎక్కడున్నారు? బిడ్డను వెతికారా?"

షుకూర్ తల దించాడు. "వెతకలే సార్. వెతికిన అంటే అబద్ధమైతది. పెండ్లి సంగతి మీద గొడవై వాడు ఇల్లిడిసి పోయిండు. పోతే పోనీ అనుకున్నం. సచ్చిపోయిండని గూడ ఒక లారీ మనిషి మూడేండ్ల కింద చెప్తేనే తెల్సింది. బిడ్డ ఉన్నదని తెల్వదు. మొన్న పేపర్ల వాడి పేరు చూసిన."

"ఈ దరఖాస్తుకు మీకు అభ్యంతరం ఉందా?"

షుకూర్ చేతిలోని పేపరు ముక్కను చూశాడు. హెప్సిబా తన ఫైలు మీద పెన్ను ఆపింది. జోజమ్మ వెనక బెంచీలో కళ్లు మూసుకుంది. అతను ఔనంటే కేసు వాయిదా పడుతుంది. వాయిదా అంటే అక్టోబరు తొమ్మిది దాటడమే.

"ఆమెను ఒక్క మాట అడగొచ్చా సార్?"

జడ్జి సరేనన్నారు. షుకూర్ మలికా వైపు తిరిగాడు.

"ఆపా, మా వాడి పేరు గట్లనే ఎందుకు ఉంచినవ్?"

"మార్చనీకి అది నాది కాదు భాయిసాబ్" అంది మలికా. కొంచెం ఆగి, "నేను మార్చి ఉంటే మీకు దొరికేది కాదు. అది గూడ తెల్సు. తెలిసే పేపర్ల వేయించిన" అంది.

షుకూర్ ఆ పేపరు ముక్కను ఇంకో మడత పెట్టాడు.

"అభ్యంతరం లేదు సార్" అన్నాడు. "బిడ్డ ఈమె దగ్గరనే ఉండాలె. సంతకం ఎక్కడ పెట్టాలె?"

జడ్జి సుమయ్యను పిలిచారు. "ఈమె నీకు ఏమవుతుంది?"

సుమయ్యకు ఆ ప్రశ్న కొత్తది కాదు. జవాబు మాత్రం ఈసారి మెల్లగా వచ్చింది.

"ఖాలా సార్."

"అంటే పినతల్లా?"

"రక్తం ఏం లేదు సార్. నన్ను సాకింది. మా నాయన పేరును గూడ సాకింది."

"ఈమె సంరక్షణలో ఉండటం నీకు ఇష్టమేనా?"

"మూడేండ్లప్పటి సంది ఈమె దగ్గరనే ఉన్న సార్. ఇష్టమా అని గిప్పటిదాక ఒక్కరూ అడగలే. మీరే ఫస్టు."

జడ్జి తల వంచి రాసుకున్నారు. పెదవులు కొంచెం కదిలాయి. ఉత్తర్వు చదివారు. తేదీ సెప్టెంబరు ఇరవై నాలుగు.

వరండాలో జోజమ్మ మలికాను కావలించుకుంది. "నన్ను సాక్ష్యమే అడగలే. కొత్త చీర దండగైంది" అంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

షుకూర్ దూరంగా స్తంభం దగ్గర నిలబడ్డాడు. రావాలా వద్దా అన్నట్టు. మలికాకు అతని మీద కోపం ఉంది. పదిహేనేళ్ల కోపం, ముఖం తెలియని మనిషి మీద. ఇప్పుడు ముఖం తెలిసింది. చూస్తే అలసిన ముసలాయన. ఆమె సుమయ్య భుజం మీద చెయ్యి వేసి అటువైపు నెట్టింది.

"పో. పెద్దనాయన. సలాం చెప్పు."

సుమయ్య వెళ్లి సలాం చెప్పింది. షుకూర్ సలాం అందుకుని అన్నాడు.

"మీ అబ్బాకు లారీ వెనక్కు తీయరాదు తెల్సా?"

"ఆయన డ్రైవరు కదా?"

"డ్రైవరే. ముందుకు తోలితే వాని అంత తోలేటోడు లేడు. రివర్సు గేరేస్తే చాలు, చెమటలు. మా గల్లీల లారీ పెట్టిండంటే తీయనీకి ఇంకొకన్ని పిలవాలె. గల్లీ పిల్లలంత చప్పట్లు కొడుతుండె. వాడు గూడ దిగి వాళ్లతోని కలిసి కొడుతుండె."

సుమయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు. ఆగాక అడిగింది.

"ఇంకేం రాదు ఆయనకు?"

షుకూర్ ఆలోచించాడు. ఆలోచిస్తుంటే అతని ముఖం విప్పారింది. చెప్పడం మొదలుపెట్టాడు. మలికా జోజమ్మ చెయ్యి పట్టుకుని నాలుగు అడుగులు ముందుకు నడిచింది, వాళ్ల మాటలకు అడ్డం లేకుండా. ఆమె నడక కోర్టుకు వచ్చిన మనిషి నడకలా లేదు. పెళ్లి పందిట్లో పిల్ల తరఫు పెద్ద నడకలా ఉంది.

ఉత్తర్వు నకలు దసరా సెలవులు అయ్యాక చేతికి వచ్చింది. మురళీకృష్ణ దాన్ని రెండుసార్లు చదివాడు. కంప్యూటరులో సంబంధం అన్నచోట నొక్కితే కొడుకు, కూతురు అని రెండే వస్తున్నాయి. రూల్సులో మూడోది ఉంది, కంప్యూటరులో లేదు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

"ఏదో ఒకటి నొక్కి పంపనా?" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. వెంటనే మలికా ముఖం చూసి, "వద్దులెండి" అన్నాడు. హైదరాబాదుకు ఫోను చేశాడు. రెండు రోజుల తర్వాత మూడో మాట చేరింది. సంరక్షణలోని బిడ్డ. ఆ మాట కింద మొదటి పేరు సుమయ్యది. తండ్రి ఖాలిద్. గడువు ముగియడానికి ఒక రోజు ముందు కాలేజీకి ఫీజు వెళ్లింది.

ఫినిషింగ్ హాల్లో మలికా మళ్లీ ఖర్జూరాలు పంచింది. సూపర్‌వైజరు ఒకటి తీసుకుని, మొన్ననే పంచినవ్ కదమ్మా అన్నాడు.

"అది సీటుకు సార్. ఇది పేరుకు."

నవంబరులో ఒక రోజు షిఫ్టు దిగి చేతులు కడుక్కుంటుంటే, వెదురు యార్డులో పనిచేసే లాల్‌సింగ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి మళ్లీ వేసుకున్నాడు.

"మలికక్కా, ఆ మురళి సారు నిన్ను అడగమన్నడు. మా చెల్లె బిడ్డ నా కాడనే పెరుగుతున్నది, ఆరేండ్ల సంది. ఇంటర్‌ల ఉన్నది. చెల్లె లేదు, బావ లేడు. ఆ కోర్టు కాగితం ఎట్ల తీయాలె? నేను బడిల నా పేరే రాపించిన. తప్పు చేసిన్నా?"

మలికా చేతులు తుడుచుకుంది. అతన్ని బల్ల మీద కూర్చోమని, తనూ ఎదురుగా కూర్చుంది. ఇంటికి పోయే బస్సు గేటు దగ్గర హారన్ కొట్టింది. ఆమె లేవలేదు.

"తప్పేం లేదు తమ్మీ. భయంతోని రాపించి ఉంటవ్. సరిచేయొచ్చు, తొవ్వ నాకు తెల్సు" అంది. "ముందు ఆ పిల్ల తండ్రి పేరు చెప్పు."